విద్యుత్ కిటికీ: మరుగు వేరు, నీడ వేరు

మే నెల వచ్చినదనగా సికింద్రాబాదు ఇండ్లలో కిటికీతో తగవు మొదలగును. తెరచినచో వడగాలి, మూసినచో ఉక్క. తెర దించినచో పట్టపగలే దీపము వెలిగింపవలెను. తెర తీసినచో ఎండ కన్నులలో పొడుచును. వెలుతురు రావలెను గాని వేడి రారాదు. లోపలివారికి వీథి కనబడవలెను గాని వీథిలోనివారికి లోపల కనబడరాదు. గోడలోని ఒక్క రంధ్రమునుండి మనుష్యుడు ఇన్ని విరుద్ధమైన పనులను కోరుచున్నాడు.

ఈ కోరికలన్నియు ఒక్క మీటతో తీరునని చెప్పబడు కిటికీ ఒకటి కొన్ని సంవత్సరములుగా వార్తాపత్రికలలోను, పరిశోధనా సంచికలలోను తరచుగా ప్రస్తావనకు వచ్చుచున్నది. దానిని ‘స్మార్ట్ విండో’ అనుచున్నారు. తెలుగులో విద్యుత్ కిటికీ అనవచ్చును. మీట వేసినచో దాని అద్దము తేటగా నుండును. మీట తీసినచో పాలవలె తెల్లబడి చూపును అడ్డగించును. అందలి ముఖ్యవస్తువు ద్రవస్ఫటికము. ఆ ద్రవస్ఫటికమునకు విద్యుత్తును అందించు పూతగా గ్రాఫీనును వాడినచో కిటికీ యంతయు పలుచని పొరయై కాగితమువలె వంగునని, ఏ అద్దముపైనైనను అంటింపవచ్చునని, ఎండకాలపు విద్యుత్తు ఖర్చు తగ్గునని చెప్పుచున్నారు.

ఈ వాదములో మూడు మాటలున్నవి. ఒకటి: గ్రాఫీను ఈ పనికి తగిన విద్యుదగ్రము. రెండు: గ్రాఫీను వలననే కిటికీ వంగును. మూడు: ఇట్టి కిటికీ వేడిని ఆపి, శీతలీకరణ యంత్రములకగు విద్యుత్తును ఆదాచేయును. మూడింటిని ఒక్క ఊపిరిలో చెప్పుటచే ఒకటి నిజమైనచో మిగిలినవియు నిజమే అన్నట్లు తోచును. విడదీసి పరీక్షించినప్పుడు మొదటిది నిజమనియు, రెండవది సగము నిజమనియు, మూడవది ఈ రకపు కిటికీ విషయములో చాలవరకు నిజము కాదనియు తేలుచున్నది. ఎట్లు తేలునో హైస్కూలు భౌతికశాస్త్రముతోనే చూపవచ్చును.

ద్రవమా, స్ఫటికమా?

1888లో ప్రాగ్ నగరమున ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టెరిల్ బెంజొయేటు అను పదార్థమును వేడిచేయుచుండగా ఒక వింత కనబడినది. ఆ పదార్థము 145.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగి మబ్బుపట్టిన ద్రవమైనది. 178.5 డిగ్రీల వద్ద ఆ మబ్బు విడిపోయి ద్రవము తేటబడినది. ఒకే పదార్థమునకు రెండు ద్రవీభవన స్థానము లుండుట ఎట్లు? సందేహము తీరక రైనిట్జర్ ఆ పదార్థమును జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు ఆటో లేమన్‌కు పంపెను. నడిమి స్థితిలో అది ద్రవమువలె ప్రవహించుచునే, కాంతి విషయములో స్ఫటికమువలె ప్రవర్తించుచున్నదని లేమన్ సూక్ష్మదర్శినితో గుర్తించెను. ద్రవస్ఫటిక శాస్త్రమునకు అదియే పునాది.

పరేడ్ మైదానములో వరుసలు తీరిన సైనికులను తలచుకొనుడు. ప్రతివాని స్థానము నిర్ణీతము, ముఖము చూచు దిక్కు నిర్ణీతము. ఇది స్ఫటికము. లష్కర్ బోనాలనాడు ఉజ్జయిని మహంకాళి గుడి ముందరి జనసమ్మర్దమును తలచుకొనుడు. ఎవరి స్థానమును నిలుకడగా లేదు, ఎవరి ముఖము ఎటున్నదో చెప్పలేము. ఇది ద్రవము. ఆ జనమే ఊరేగింపు వచ్చుచున్నదని తెలిసి, త్రోపులాటలో అటునిటు కదలుచునే, అందరును ముఖములు ఒకే దిక్కునకు త్రిప్పిరనుకొనుడు. స్థానము పోయినది, దిక్కు మిగిలినది. ఇదియే నెమాటిక్ అను తరగతికి చెందిన ద్రవస్ఫటికము. దాని అణువులు పుల్లలవలె పొడవైనవి. పుల్లల వెంబడి కంపించు కాంతికి ఒక వక్రీభవన గుణకము, అడ్డముగా కంపించు కాంతికి మరియొకటి ఉండును. ప్రయోగశాలలలో బహుళముగా వాడబడు ఇ-7 అను మిశ్రమములో ఈ రెండు విలువలు సుమారు 1.74, 1.52.

ఈ శాస్త్రములో భారతదేశమునకు గౌరవస్థానము కలదు. అణువులు పుల్లలవలెనే కాక, బిళ్ళలవలె ఉన్నను ద్రవస్ఫటికములు ఏర్పడునని 1977లో లోకమునకు తెలిపినవారు బెంగుళూరు రామన్ పరిశోధనా సంస్థలోని ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు. హైదరాబాదు విశ్వవిద్యాలయములోను, నాగార్జున విశ్వవిద్యాలయములోను ద్రవస్ఫటికములపై పరిశోధనలు జరిగినవి. కావున ఈ విషయము మనకు దూరదేశపు వింత కాదు.

పకోడీల పొట్లములోని సూత్రము

విద్యుత్ కిటికీలో వాడబడు పొర నిర్మాణము సులభము. పారదర్శకమైన పాలిమరులో ద్రవస్ఫటికపు బిందువులు లక్షలకొలది చిక్కుకొనియుండును. ఒక్కొక్క బిందువు వ్యాసము మీటరులో పదిలక్షల వంతు, అనగా ఒక మైక్రాను ప్రాంతమున నుండును. పొర మందము సుమారు 20 మైక్రానులు. దీనికి ఇరువైపుల పారదర్శకమైన విద్యుదగ్రములు, వాటికి ఆవల ప్లాస్టిక్కు రేకులు. ఇట్టి పొరలను 1980-90 దశకములో అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్, కెంట్ విశ్వవిద్యాలయములో విలియం డోన్ మొదలగువారు అభివృద్ధి చేసిరి.

దీని పనిని తెలిసికొనుటకు పకోడీలు కట్టిన పొట్లము చాలును. పొడి కాగితము తెల్లగా నుండి ఆవలి వస్తువును కనబడనీయదు. కారణము, కాగితపు నారకును నారల నడుమనున్న గాలికిని వక్రీభవన గుణకములు వేరు. వెలుగు ఒక్కొక్క హద్దు వద్ద దారి మారి చెల్లాచెదరగును. నూనె మరక పడినచోట గాలికి బదులు నూనె చేరును. నూనె గుణకము నార గుణకమునకు చేరువైనది గనుక హద్దులు వెలుగునకు కనబడక, కాగితము తేటబడును.

కిటికీలో జరుగునదియు ఇదియే. విద్యుత్తు లేనప్పుడు బిందువులలోని అణువుల దిక్కు బిందువునకొక తీరుగా నుండును. బిందువు గుణకము చుట్టునున్న పాలిమరు గుణకముతో కలియదు. వెలుగు చెదరును, అద్దము తెల్లబడును. ఏకాంతర విద్యుత్తు సుమారు 60 వోల్టులు ఇచ్చినచో అణువులు క్షేత్రదిశకు తిరిగి, పొరకు లంబముగా నిలుచును. నేరుగా వచ్చు వెలుగునకు ఇప్పుడు 1.52 గుణకము మాత్రమే తగులును. పాలిమరును కూడ ఆ విలువకు చేరువగా ఎన్నుకొందురు గనుక కిటికీ తేటబడును. విద్యుత్తు ఉన్నప్పుడు తేట, లేనప్పుడు పాలు అను సంగతిని గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని ఉన్నది.

గ్రాఫీను ప్రవేశము

లోహములు విద్యుత్తును పోనిచ్చును గాని వెలుగును పోనీయవు. అద్దము వెలుగును పోనిచ్చును గాని విద్యుత్తును పోనీయదు. రెండింటిని పోనిచ్చు పూతగా ఇంతకాలము వాడబడుచున్నది ఇండియం, తగరముల ఆక్సైడు. ఇండియం అరుదైన మూలకము. జింకు శుద్ధిలో ఉపఫలముగా లభించును. దాని ఆక్సైడు పూత పెళుసు. నూటికి రెండు మూడు వంతులు సాగదీసినంతనే బీటలువారును.

బొగ్గు పరమాణువులు తేనెపట్టు గదులవలె అమరి ఏర్పడు, ఒక్క పరమాణువు మందముగల రేకు గ్రాఫీను. 2004లో మాంచెస్టరు విశ్వవిద్యాలయములో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ దానిని అంటు టేపు సాయముతో గ్రాఫైటు నుండి ఊడదీసి, దాని విద్యుత్ ధర్మములను కొలిచిరి. 2010లో వారికి నోబెలు బహుమానము లభించినది. ఒక్క పొర గ్రాఫీను తనపై పడిన వెలుగులో నూటికి 2.3 వంతులు మాత్రమే పీల్చుకొనునని 2008లో అదే విశ్వవిద్యాలయములో కొలిచిరి. ఆ బృందములో ప్రధాన పరిశోధకుడు కేరళీయుడైన రాహుల్ నాయర్.

విద్యుత్ కిటికీ వాదమునకు ఆధారమగు పరిశోధనలు ముఖ్యముగా రెండు. మొదటిది 2008లో పీటర్ బ్లేక్ ప్రభృతులు ప్రకటించినది. ద్రవస్ఫటికపు పరికరములో ఒకవైపు విద్యుదగ్రముగా గ్రాఫీనును ఉంచి, అది చక్కగా పనిచేయునని వారు చూపిరి. ఆక్సైడు పూతనుండి కాలక్రమమున అయానులు వెలువడి ద్రవస్ఫటికమును చెడగొట్టవచ్చును. గ్రాఫీను రసాయనికముగా స్థిరమైనది గనుక ఆ భయము తక్కువ. ఇది మంచి పని, నిజాయితీగల పని. కాని వారు వాడిన గ్రాఫీను గ్రాఫైటు నుండి ఒలిచిన రేణువు. దానిని సూక్ష్మదర్శినితో చూడవలెను.

రెండవది 2010లో దక్షిణ కొరియాలో సుకాంగ్ బే ప్రభృతులు చేసినది. వేడి కొలిమిలో రాగి రేకుపై గ్రాఫీనును పెంచి, దానిని ప్లాస్టిక్కుపైకి మార్చి, రాగిని ద్రావకముతో కరిగించి, 30 అంగుళముల మేర పొరను వారు తయారుచేసిరి. ఒక్క పొరకు పలక నిరోధము చదరమునకు 125 ఓములవరకు తగ్గినది; వెలుగు నూటికి 97.4 వంతులు దాటిపోయినది. నాలుగు పొరలను పేర్చి రసాయనముతో సంస్కరించినప్పుడు నిరోధము 30 ఓములకు దిగినది. వెలుగు 90 వంతులు దాటినది. ఆ పొరతో వారు చేసి చూపినది స్పర్శతెర.

ఇక్కడ ఒక చిన్న సంగతి మరుగున పడుచున్నది. మొదటి పరిశోధన ద్రవస్ఫటికమును గూర్చినదే గాని కిటికీ కొలతలో లేదు. రెండవది కిటికీ కొలతలో నున్నదే గాని ద్రవస్ఫటికమును గూర్చినది కాదు. రెండింటిని కలిపి ‘గ్రాఫీను కిటికీ సిద్ధమైనది’ అనుట, పెండ్లికొడుకు ఒక ఊరిలో, పెండ్లికూతురు ఒక ఊరిలో ఉండగానే పెండ్లి అయినదనుట వంటిది. తరువాతి కాలమున ప్లాస్టిక్కుపై గ్రాఫీనుతో ఇట్టి పొరలను చేసి చూపినవారు లేకపోలేదు. కాని అరచేతిలో ఇమిడెడి నమూనా పనిచేయుటకును, మేడ గోడయంతటి అద్దము పది వేసవులు పనిచేయుటకును మధ్య దూరము చాల ఉన్నది.

మొదటి మాట: తగిన విద్యుదగ్రమేనా?

ఒక చదరపు మీటరు కిటికీని తీసికొనుడు. రెండు విద్యుదగ్రముల నడుమ 20 మైక్రానుల పొర యుండుటచే అది ఒక కెపాసిటరు. పొర పరావైద్యుత స్థిరాంకము 10 అనుకొన్నచో దాని ధారణశక్తి 4.4 మైక్రోఫారడులు. 50 హెర్ట్‌జుల పౌనఃపున్యముతో 60 వోల్టు లిచ్చినచో ప్రవాహము సుమారు 83 మిల్లీఆంపియర్లు. ఈ ప్రవాహము ఒక అంచున ప్రవేశించి, దారి పొడవున కొంచెము కొంచెముగా పొరలోనికి దిగుచు, అవతలి అంచుకు చేరునప్పటికి శూన్యమగును. కావున సరాసరి 41 మిల్లీఆంపియర్లు. దానిని 125 ఓములతో గుణించినచో 5 వోల్టులు; రెండు విద్యుదగ్రములకు కలిపి 10 వోల్టులు.

60లో 10 పోయినచో నష్టము పెద్దదే అనిపించును. కాని కెపాసిటరులో ప్రవాహము వోల్టేజికన్న పావు ఆవర్తనము ముందుండును. అందుచే ఈ 10ని 60 నుండి నేరుగా తీసివేయరాదు. లంబకోణ త్రిభుజములో కర్ణము 60, ఒక భుజము 10 అనుకొని రెండవ భుజమును కనుగొనవలెను. అది 59 వోల్టులకు పైగా వచ్చును. అనగా దూరపు అంచున కూడ కిటికీ బాగుగనే తేటబడును. పైథాగరస్ సిద్ధాంతము తెలిసిన విద్యార్థి ఈ తీర్పు చెప్పగలడు.

కావున మొదటి మాట నిజము. ఐతే ఈ లెక్కయే మరియొక సంగతిని కూడ చెప్పుచున్నది. ఈ కిటికీకి అత్యుత్తమమైన వాహకము అక్కరలేదు. ఇండియం పూత వేసిన ప్లాస్టిక్కు పొరలును ఇదే కోవలోని నిరోధముతో ఈ పనిని ఇదివరకే నెరవేర్చుచున్నవి. గ్రాఫీను పొరలో మడతలు, చిరుగులు, మలినములు ఏర్పడి నిరోధము వేయి ఓములకు పెరిగినచో మాత్రము లెక్క తారుమారగును. దూరపు అంచు మసకగా మిగిలిపోవును. గ్రాఫీనును పెంచుట కన్న, రాగి మీదనుండి చిరుగకుండ మార్చుట కష్టమని ఈ రంగములోని వారందరికి తెలియును.

రెండవ మాట: వంగుట ఎవరి పుణ్యము?

పొరను వంచినప్పుడు దాని వెలుపలి తలము సాగును. ఎంత సాగునో చెప్పుటకు మందములో సగమును వంపు వ్యాసార్ధముతో భాగించిన చాలును. ప్లాస్టిక్కు రేకులతో సహా పొర మందము 0.4 మిల్లీమీటరు అనుకొనుడు. ఒక మీటరు వ్యాసార్ధముతో వంగిన అద్దముపై దానిని అంటించినచో సాగుదల 0.2ను 1000తో భాగించినంత, అనగా నూటికి 0.02 వంతు. ఇండియం పూత బీటలువారుటకు దీనికి నూరు రెట్లు సాగవలెను. అంతటి సాగుదల రావలెనన్నచో పొరను ఒక సెంటిమీటరు వ్యాసార్ధమునకు, అనగా బొటనవ్రేలిచుట్టు చుట్టవలెను.

ఏ ఇంటి కిటికీయు, ఏ బస్సు అద్దమును, ఏ రైలుపెట్టె కప్పును బొటనవ్రేలివలె వంగియుండదు. ఇండియం పూత గల విద్యుత్ పొరలు బజారులో చుట్టలుగా చుట్టియే అమ్మబడుచున్నవి. కావున ‘వంగు కిటికీ’ అను కీర్తి గ్రాఫీనుకు సగమే చెందును. మాటిమాటికి మడచి విప్పవలసిన తెర విషయములో, గుడ్డవలె ఒంటిని అంటియుండు పరికరముల విషయములో గ్రాఫీను మేలు నిస్సందేహము. గోడకు బిగించిన కిటికీకి ఆ గుణము కత్తికి రెండవ పిడి వంటిది.

మూడవ మాట: వేడి ఆగునా?

అసలు చిక్కు ఇక్కడ నున్నది. పాలవలె తెల్లబడిన అద్దమును చూచినవారెవరైనను ‘ఎండ ఆగినది’ అనుకొందురు. ఆగినది ఎండ కాదు, బొమ్మ. స్నానపు గది తలుపునకు వేసిన గరుకు అద్దమును చూడుడు. ఆవలి మనిషి కనబడడు. కాని గదిలో వెలుగు తగ్గదు. గరుకు అద్దము వెలుగును చెదరగొట్టినదే గాని వెనుకకు పంపలేదు.

ద్రవస్ఫటికపు బిందువులును అట్టివే. కాంతి తరంగదైర్ఘ్యమునకు సమానమైనవి, అంతకన్న పెద్దవియైన కణములు వెలుగును ఎక్కువగా ముందువైపునకే చెదరగొట్టును. వెనుకకు మరలునది కొద్దిభాగము. అదియును గాక, సూర్యరశ్మి మోసికొనివచ్చు శక్తిలో ఇంచుమించు సగము కంటికి కనబడని పరారుణ కిరణములు. తరంగదైర్ఘ్యము పెరిగినకొలది చెదురుట తగ్గును గనుక, వాటికి మసక అద్దమును తేట అద్దమును దాదాపు ఒకటే. గ్రాఫీను కూడ ఇక్కడ తోడుపడదు. ఇండియం పూత దీర్ఘతరంగ పరారుణమును కొంతవరకైనను వెనుకకు మరల్చును. ఒక్క పొర గ్రాఫీను దానిని కూడ దాటనిచ్చును. ఐతే సూర్యరశ్మిలో అట్టి భాగము స్వల్పము గనుక ఈ లోపమును పెద్దది చేసి చెప్పరాదు.

ఒకసారి గదిలోనికి చేరిన శక్తి నేలను, గోడలను, సామానును వేడిచేయును. అవి మరల వెలువరించు దీర్ఘతరంగ కిరణములను అద్దము బయటికి పోనీయదు. ఎండలో నిలిపి అద్దములు మూసిన మోటారు కారులో ఎక్కినవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. కావున వేడిని ఆపవలెనన్నచో అద్దమునకు వెలుపలనే ఆపవలెను, లేదా వెనుకకు మరల్చవలెను. చెదరగొట్టిన ప్రయోజనము లేదు. మరుగు వేరు, నీడ వేరు.

వేడిని నిజముగా అదుపుచేయు విద్యుత్ కిటికీలు లేవని దీని భావము కాదు. టంగ్‌స్టన్ ఆక్సైడు పూతగల అద్దములు స్వల్ప విద్యుత్తుతో నీలిరంగు దాల్చి వెలుగును, పరారుణమును పీల్చుకొనును. వాటికి రంగు మారునప్పుడు మాత్రమే విద్యుత్తు కావలెను. ద్రవస్ఫటికమునకు రంగు కలిపి వెలుగును పీల్చునట్లు చేయు పద్ధతులును కలవు. ఒక తరగతి కిటికీలు సంపాదించిన పేరును వేరొక తరగతికి అంటగట్టుటయే ఇచ్చట జరుగుచున్న పొరపాటు.

సికింద్రాబాదు ఎండలో

సికింద్రాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. ప్రతి సంవత్సరము మే 9, ఆగస్టు 3 ప్రాంతములలో మధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తిన ఉండును. నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. అనగా మే నెల మధ్యాహ్నమున నిలువు కిటికీలపై నేరుగా ఎండ పడదు. ఎండ అంతయు కప్పుపై పడును. సాయంకాలము పడమటి కిటికీలపైకి దిగును. కంటోన్మెంటులోని పాత బంగళాలను కట్టినవారికి ఈ లెక్క తెలియును. ఎత్తైన కప్పు, నాలుగువైపుల వరండా, కిటికీపై చజ్జా, వరండా కమానులకు తడిపిన వట్టివేళ్ళ తడికలు: ఇవన్నియు ఎండను గోడకు తాకకముందే వెలుపల నిలువరించునవి. నేడు నగరపు పడమటి భాగమున లేచిన అద్దాల మేడలకు చజ్జాయు లేదు, వరండాయు లేదు. ముందు ఎండకు తలుపు తీసి, పిమ్మట యంత్రముతో దానిని వెళ్ళగొట్టుచున్నారు.

2022 ఆగస్టులో సికింద్రాబాదు–పూనా శతాబ్ది రైలునకు విస్టాడోమ్ అను అద్దాల పెట్టెను చేర్చిరి. వికారాబాదు ప్రాంతమున అనంతగిరి కొండల పచ్చదనమును ప్రయాణికులు పెద్ద కిటికీలనుండియు, అద్దపు కప్పునుండియు చూడవచ్చునని దాని ఉద్దేశము. ఇట్టి కప్పుకే విద్యుత్ పొర అంటింపవలెనని ఎవరికైనను తోచును. ఏమగునో ఆలోచించుడు. మసకబడిన కప్పు కంటికి ఎండపొడను తప్పించును, అది మేలే. కాని వేడి చాలవరకు దిగుచునే యుండును. విద్యుత్తు ఆగినచో, ఎవరును మీట ముట్టకుండగనే కప్పు తెల్లబడి కొండలు మాయమగును.

మరియొక ప్రశ్న రైనిట్జర్ నాటిది. ప్రతి ద్రవస్ఫటికమునకు మబ్బు విడిపోవు ఉష్ణోగ్రత యొకటి ఉండును. ఇ-7 మిశ్రమమునకు అది 60 డిగ్రీల ప్రాంతము. పాలిమరు జాడలు కలిసినచో ఇంకను తగ్గును. ఆ ఉష్ణోగ్రత దాటినచో అణువుల దిక్కు చెదరి, అది వట్టి ద్రవమగును. మీట వేసినను తీసినను ఒకటే. మే నెల ఎండలో రోజంతయు కాగు అద్దము ఆ హద్దును సమీపింపవచ్చును. ఇంతకన్న ఎక్కువ వేడికి నిలుచు మిశ్రమములు కలవు. కాని పరిశోధనశాలలో 25 డిగ్రీల వద్ద తీసిన ఛాయాచిత్రము సికింద్రాబాదు వేసవికి సాక్ష్యము కానేరదు. అతినీలలోహిత కిరణములకు పాలిమరు పసుపుబారుట, వర్షాకాలమున అంచులనుండి తేమ లోనికి పాకుట కూడ ఇట్టివే.

ఖర్చు సంగతి చూతమన్న, 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ఎండను వెనుకకు మరల్చు తెల్లని పూతను మేడ కప్పులపై వేయుట అందలి సారము. దానిలో ద్రవస్ఫటికము లేదు, గ్రాఫీను లేదు, మీట లేదు. కాని అది చెదరగొట్టదు, మరల్చును. నడినెత్తి సూర్యునికి ఎదురుగా ఉండును. రేకుల కప్పు క్రింద నివసించు వానికి కూడ అందుబాటులో ఉండును. వేడిని తగ్గించుటకు ధనమున్నచో ముందు కప్పునకు, పిమ్మట చజ్జాకు, ఆ తరువాతనే విద్యుత్ కిటికీకి వెచ్చించుట వివేకము.

ఎక్కడ మేలు?

ఇంత చెప్పినను ఈ పొరను నిరుపయోగమని కొట్టివేయుట అన్యాయము. తెర గుడ్డకు దుమ్ము పట్టును, క్రిములు చేరును. ఆసుపత్రిలో రోగి మంచము ప్రక్కన మీటతో మరుగును కల్పించు అద్దము గొప్ప వసతి. గదులను విడదీయు అద్దపు గోడలకు ఇది తగినది. మసక స్థితిలో దానిపై వెనుకనుండి బొమ్మలు ప్రసరింపజేయవచ్చును గనుక పాఠశాలలకును పనికివచ్చును. అది ఖర్చుచేయు విద్యుత్తును స్వల్పమే: చదరపు మీటరునకు 5 వాట్లనుకొన్నచో, దినమునకు 12 గంటలు తేటగా ఉంచినను నెలకు రెండు యూనిట్లు దాటదు. ఇండియం అరుదైనది గనుక, ఎల్లెడల దొరకు బొగ్గుతో ఆ పని జరుపుకొన చూచుట మెచ్చదగిన ప్రయత్నమే. గ్రాఫీను పరిశోధన మానదగినది కాదు. మానదగినది, దానికి లేని గొప్పను తగిలించుట.

ఉపాధ్యాయులు ఈ విమర్శలోని ముఖ్యాంశమును తరగతిలోనే పరీక్షింపజేయవచ్చును. ఒకే కొలతగల మూడు అట్టపెట్టెలను తీసికొని, ముందువైపు అద్దపు ముక్కలు అమర్చి, ఒక్కొక్కదానిలో ఉష్ణమాపకము ఉంచవలెను. మొదటి అద్దమును తేటగా విడువవలెను. రెండవదానికి గరుకు అద్దము వేయవలెను. మూడవది తేట అద్దమే. కాని దానిపై ఎండ పడకుండ వెలుపల అట్టతో చజ్జా కట్టవలెను. మూడింటిని ఎండకు ఎదురుగా అరగంట ఉంచి, ఐదు నిమిషములకొకమారు వేడిని వ్రాసికొనవలెను. మొదటి రెండింటికి నడుమ భేదమెంత, మూడవదానికెంత అనునది విద్యార్థులే చెప్పుదురు.

ఇక వార్తలలో ఇట్టి నూతన కిటికీ కనబడినప్పుడెల్ల వారు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఇది వెలుగును చెదరగొట్టునా, పీల్చునా, వెనుకకు మరల్చునా? చూపిన నమూనా కొలత ఎంత? ఏ ఉష్ణోగ్రతవరకు పనిచేయును? విద్యుత్తు ఆగినచో ఏ స్థితిలో నిలుచును? ఈ పనినే చజ్జా చేయలేదా?

1897 ఆగస్టులో, ఇదే సికింద్రాబాదులో, రోనాల్డ్ రాస్ పంకా లాగింపక ఉక్కలోనే కూర్చుండి దోమ తరువాత దోమను కోసి చూచెను. పంకా గాలికి ఆ దోమలు చెదరిపోవునని ఆయన భయము. మలేరియా దోమవలన వచ్చునను ఊహ అంతకుముందే ఉన్నది. ఊహను నమ్మి ఊరకుండక, దోమ కడుపులో కంటితో చూచినదాక విడువకపోవుటచేతనే అది శాస్త్రమైనది. విద్యుత్ కిటికీకి కావలసినదియు అట్టి పరీక్షయే. దానిని మే నెలలో, పడమటి గోడకు బిగించి, లోపల ఉష్ణమాపకము పెట్టి చూడవలెను.